గజ్జి అనుకున్నాను

మిర్యాలగూడలో మా రైస్ మిల్లు వెనక, ఊక కుప్ప పక్కన ఒక వీధికుక్క మూడు పిల్లల్ని పెట్టింది. నెల తిరిగేసరికి ఒకదాని పొట్ట మీద ఎర్రటి పొక్కులు లేచాయి. గజ్జి అనుకున్నాను. మిగతావాటికి అంటుకుంటుందని దాన్ని తెచ్చి మా వరండాలో కట్టేసి పాలు పోశాను. తల్లి రెండు రోజులు గేటు ముందు మూలుగుతూ తిరిగింది. నేను గేటు తీయలేదు. మూడో రోజు నుంచి అది రావడం మానేసింది.

వారం తర్వాత పశువుల దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చూసి, "గజ్జి కాదమ్మా ఇది. తడి ఊకల పండుకుంటే గిట్లనే పొక్కులొస్తయి. ఉత్త నీళ్లతోని కడిగి, పొడి గోనెసంచి మీద పండవెట్టుండ్రి. నాలుగు దినాలల్ల తగ్గుతది" అన్నాడు.

"వేరేవాటికి అంటుకోదా సార్?"

"అంటుకోదు. తల్లి కాడనే ఉంచుతే సరిపోతుండె."

పొక్కులు ఎండిపోగానే పిల్లను తీసుకుపోయి తల్లి దగ్గర దింపాను. అది తోకూపుతూ పాలకోసం దూరబోయింది. తల్లి వాసన చూసి గుర్రుమంది. పిల్ల మళ్లీ వెళ్తే మూతి మీద కరిచింది.

ఆ పిల్ల ఇప్పుడు మా ఇంట్లోనే పెరుగుతోంది. తల్లి వీధిలో ఎదురైతే మాత్రం నేనే పక్కకు తప్పుకుంటాను.