మాస్టారి కారు, మా నాన్న చక్రాలు

మొన్న బుధవారం పొద్దున పాలబ్బాయి గేటు దగ్గర నిలబడి, "మీ నాన్నగారి స్నేహితుడు పోయారండి" అన్నాడు. మా పక్కింటి డ్రాయింగు మాస్టారి గురించి చెబుతున్నాడని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఒంగోల్లో ఇరవై రెండేళ్ళు గోడకి గోడ ఆనుకుని బతికింది ఆయనా, నేనూ. మా నాన్న మా ఇంటికొచ్చి ఉన్నది ఆయన బతికిన చివరి అయిదేళ్ళే. అయినా మాస్టారు వీధి మొత్తానికీ మా నాన్న స్నేహితుడే. ఆ మాటే ముందు గుచ్చుకుంది.

సంతాప వ్యాసంలో రాయకూడని మాట ముందే రాసేస్తున్నాను. ఆ మనిషంటే నాకు కుళ్ళు. ఇప్పటికీ ఉంది.

మాస్టారు మిషన్ స్కూల్లో పిల్లలకి బొమ్మలేయడం నేర్పి రిటైరయ్యారు. ఆ తర్వాత, మార్టూరు అవతల పొగాకు ఆరబెట్టే ఒక బ్యారన్‌లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాత కారుని పాత ఇనుము వాళ్ళు పట్టుకుపోతుంటే అడ్డంపడి కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి చాలా ముందుది, ఒకప్పుడు మా ఊరి వైపు తిరిగిన పొగాకు దొరది. ఫొటోల్లో కనబడే రాజుల కార్ల సోకు దానికి లేదు. పొట్టిగా, బుట్ట బోర్లించినట్టు ఉండేది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడిందట. పేరు చెబితే కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు కూడా మొహం తేలేసేవాళ్ళు.

"దీనికి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి మాస్టారూ?" అని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే.

"విడిభాగాలు దొరకవండి. చేసేవాళ్ళు దొరుకుతారు."

అలాగే దొరికారు. రేడియేటర్‌కి మాటు వేసింది చీమకుర్తి గ్రానైట్ లారీల మెకానిక్. టాపు కుట్టింది రిక్షాలకి టాపులు కుట్టే ముసలాయన. హెడ్‌లైట్ల చుట్టూ రింగులు సాగగొట్టింది ఇత్తడి బిందెలు చేసే ఆయన. ఎవరైనా తొందరపెడితే మాస్టారు తల ఎత్తకుండా, "తొందరున్నవాళ్ళు బస్సెక్కండి" అనేవారు.

ఆ కారుకి కర్ర చక్రాలు. నాలుగూ చెదలు తినేసి ఉన్నాయి. అక్కడే మా నాన్న దొరికాడు.

మా నాన్న ఎడ్లబండి చక్రాలు చేసిన వడ్రంగి. టైరు బండ్లు వచ్చి ఆయన పని పోయింది. మా ఇంటికొచ్చాక బాడిశ, ఉలి ఉన్న సంచి మంచం కిందకి తోసి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను పలకరిస్తే "ఊ" అనేవాడు. నేను మాత్రం ప్రతి సభలోనూ 'నేను వడ్రంగి కొడుకుని' అని మొదలుపెట్టేవాణ్ణి, చప్పట్లు కొట్టేవాళ్ళు. చక్రానికి ఎన్ని ఆకులుంటాయో, అదే, నడిమి దిమ్మ నుంచి అంచుదాకా ఎన్ని కర్రలుంటాయో ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.

మాస్టారు అడిగారు. ఆ మర్నాటి నుంచి గోడ అవతల బాడిశ చప్పుడు, దాంతోపాటు మా నాన్న గొంతు. "చేవ లేని కర్ర పెడతారేంటి మాస్టారూ, బొమ్మ గీసినట్టు కాదిది." మాస్టారి నవ్వు. రాసుకుంటున్నవాణ్ణి కలం ఆపి వినేవాణ్ణి. మా నాన్నకి జోకులు వేయడం వచ్చని నాకు నలభై రెండో ఏట తెలిసింది, అదీ గోడ మీంచి.

ఆ ఉక్రోషంతోనే ఒక చిన్న పత్రికలో 'దొరల ఎంగిలి సామాను తోముతున్న చేతులు' అని వ్యాసం రాశాను. మాస్టారు చదివి గోడ దగ్గరకొచ్చారు. "బాగుందండి. రెండో పేరాలో ఇత్తడి బానెట్ అన్నారు, అది రేకు" అని వెళ్ళిపోయారు. ఒక్క మాట తిరిగి అని ఉంటే హాయిగా పోట్లాడేవాణ్ణి.

ఆ వ్యాసంలో సగం నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. దొర కారు దొర కారే. అది ఊళ్ళోకొస్తే చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకి తప్పుకున్నవాళ్ళలో మా తాత ఉన్నాడు. పట్నాల్లో ఇలాంటి బండ్లకి పూలదండలేసి ఊరేగించి, అది మన వారసత్వం అనేవాళ్ళని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి వారసత్వం?

పత్తి రైతులు పురుగుమందు తాగి చచ్చిపోతున్న ఏడాది, కలెక్టరాఫీసు ముందు రిలే నిరాహార దీక్ష చేస్తున్నాం. మైకులో నేను మాట్లాడుతుంటే ఆ కారు వచ్చింది. తొలిసారి రోడ్డెక్కింది. స్టీరింగు దగ్గర మాస్టారు, పక్క సీట్లో ఇస్త్రీ చొక్కాతో మా నాన్న. చూస్తుండగానే శిబిరం ఖాళీ. రైతులంతా చక్రాల చుట్టూ చేరారు.

"తుమ్మేనా పెద్దాయనా?"

"తుమ్మే. గోటితో కొట్టి చూడు, మోగుద్ది."

టెంటులో నేనూ మైకూ మిగిలాం. నాన్న డోరు తెరిచి పట్టుకుని, "ఏరా, ఎక్కు. ఒక రౌండేసి దింపేస్తారు మాస్టారు" అన్నాడు.

"నేను దీక్షలో ఉన్నాను."

"దీక్ష అన్నం మీద కదరా, కారు మీద కాదుగా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నాకు తిక్క రేగింది. మైకులోనే అన్నాను, "చెప్పులు మోయించిన దొరల బండి నేనెక్కను. ఎక్కినవాళ్ళకి సిగ్గుండాలి." నాన్న డోరు మీంచి చెయ్యి తీశాడు. కారు మెల్లగా కదిలిపోయింది. ఇంకెప్పుడూ నన్ను ఎక్కమనలేదు. రెండేళ్ళకి పోయాడు.

దినకర్మ అయ్యాక మాస్టారు ఒక సంగతి చెప్పారు. ఆ దీక్ష రోజు దారిలో నాన్న ఆయన్ని అడిగాడట. "చిన్నప్పుడు దీన్ని ముట్టుకున్నానని నన్ను తన్నారు. ఇప్పుడు దీని చక్రాలు నా చేతివి. ఇది మావాడికి ఎందుకు ఎక్కదు మాస్టారూ?"

ఆ మాట నాన్న నాతో అనలేదు. ఆయనతో అన్నాడు. అది తలుచుకుని ఎన్నేళ్ళు కుళ్ళుకున్నానో నాకే తెలుసు. మాస్టారు ఏడాదికోసారి, "ఎప్పుడెక్కుతారండి?" అనేవారు. "ఎక్కను" అనేవాణ్ణి. "సరే, బండి ఎక్కడికీ పోదు" అనేవారు. ఆ పోట్లాటయినా మా ఇద్దరి మధ్యా ఉండాలని నాకు అనిపించేది కాబోలు.

ఆదివారం సమాధుల దొడ్డిలో ప్రార్థన అయి వచ్చాక మాస్టారి భార్య నన్ను షెడ్డులోకి పిలిచారు. మే నెల ఎండకి రేకుల కింద నిప్పులగుండంలా ఉంది. చక్రాలకి చుట్టిన గోనె సంచులు ఎండి గరగరలాడుతున్నాయి.

"అయిదు రోజులైందండి నీళ్ళు పట్టి. వేసవిలో తడపకపోతే ఆకులు వదులైపోతాయంట. మీకు తెలిసే ఉంటుంది, మీ నాన్నగారు చెప్పిన పద్ధతేగా."

నాకు తెలియదన్నాను. ఆవిడ ఒక సంచి విప్పి చూపిస్తూ చెప్పారు. పైనుంచి కుమ్మరించకూడదట. సంచి తడిపి, పిండకుండా చుట్టాలట. అడుగున చేరిన నీళ్ళు ఆరేలోపు చక్రం కొంచెం తిప్పాలట. మా నాన్న పని మా నాన్న నుంచి మాస్టారికి, మాస్టారి నుంచి ఆవిడకి, ఆవిడ నుంచి నాకు వచ్చింది.

నాలుగు చక్రాలకీ చుట్టాను. చొక్కా తడిసిపోయింది. పక్క సీటు తోలు ఒకచోట గుంటపడి ఉంది, సన్నటి మనిషి కూర్చున్నంత. డోరు మీద చెయ్యి వేశాను. ఇప్పుడు ఎక్కాలనే ఉంది. స్టీరింగు దగ్గర మనిషి లేడు.

డోరు తెరవకుండానే బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. సంచుల్లోంచి నీళ్ళు కారి, ఒక్కో చక్రం కింద మట్టి నల్లగా తడిసి, మెల్లమెల్లగా వెడల్పవుతోంది.