స్టిక్కర్ బొట్టు కింద ఎర్రలైటు

మా చిన్నప్పుడు కార్లు లేవు... ఉన్నా మావి కావు. అందుకే నేను చెప్పేది మా పిల్లల చిన్నప్పటి సంగతి. అది కూడా మాట తప్పిన ఒక మనిషి దగ్గరే మొదలవుతుంది.

"అక్కా, మీకు కారు నేను తెచ్చిస్తా. మొదట తోలేది నువ్వే. కాణిపాకం దాకా స్టీరింగు ఎవురికీ ఇయ్యొద్దు" అన్నాడు మా బావమరిది. అక్క చేతిలో చెయ్యేసి మరీ అన్నాడు.

తొంభైల చివరి రోజులవి. తిరుపతిలో మా వీధిలో ఆడవాళ్ళు స్కూటీ తోలితేనే తిరిగి చూసేవాళ్ళు. మా ఆవిడ సుగుణ నగరిలో మగ్గాలున్న ఇంటి పిల్ల. ఇంట్లో కారు లేకపోయినా డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. దాన్ని గాజుల పెట్టెలో దాచుకుని, అప్పుడప్పుడూ తీసి చూసుకునేది...

ఆవిడ తమ్ముడు చిత్తూరులో పాత కార్ల బేరాలు చేసేవాడు. ఒక సాయంత్రం తెల్లకారు ఒకటి తోలుకొచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. ముందు జాలీకి దిష్టి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు ఊగుతున్నాయి. కారులోనే పడుకుంటామని మా ఆడపిల్లలిద్దరూ ఒకటే మారాం!

మర్నాడు తలస్నానాలు, కొత్త బట్టలు, క్యారియరులో పులిహోర... కాణిపాకంలో కారుకు పూజ చేయించాలి. సుగుణ డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను పలికింది. కానీ స్టీరింగు వెనక నూనెడబ్బా బొమ్మ ఎర్రగా వెలిగి... ఆరలేదు.

"దిగక్కా. ఆ లైటు ఆరేదాకా నీ చేతికియ్యను. ఇంజను పట్టేస్తాది" అన్నాడు తమ్ముడు, అప్పటికే తలుపు తీసి పట్టుకుని.

"నువ్వు తోలితే పట్టేయదా?"

"నాకైతే సౌండును బట్టి తెలస్తాదిలే."

ఆవిడ దిగి పక్క సీట్లో కూర్చుంది. ఆ మొహం నేనింకా మరిచిపోలేదు.

వెనక సీట్లోంచి నేను సణుగుతూనే ఉన్నాను. దొరికిందల్లా చదివేవాణ్ణి... ఆ లైటు వెలుగుతుంటే బండి కదిలించకూడదని తెలుసు. చంద్రగిరి కోట కనబడగానే పోట్లాడి టీకొట్టు దగ్గర ఆపించాను. ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూస్తే ఆయిలు నిండుగానే ఉంది!

బానెట్ లేచిందంటే మన దగ్గర జనానికి కరువా? బ్యాటరీ అన్నాడొకాయన. ఇంజను దింపాల్సిందే అన్నాడింకొకాయన. మూడో ఆయన టీ ఊదుకుంటూ, "ఏమప్పా, మంగళారం పూట గానీ తెచ్చినారా?" అన్నాడు.

మా బావమరిదికి విసుగొచ్చింది. మా పెద్దదాని నుదుటి మీది స్టిక్కర్ బొట్టు పీకి ఆ లైటు మీద అంటించాడు. "ఇదో సూడు బావా, ఆరిపాయ!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. సుగుణ మాత్రం నవ్వలేదు. "ఆరిపాయ కదా? అయితే దిగు."

"యాడికక్కా... ఉత్తినే అన్నాలే" అని స్టీరింగును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. ఇంజనుకు ఆయిలు ఒత్తిడి కనిపెట్టే చిన్న స్విచ్చు ఒకటి ఉంటుంది, దానికి ఒకే వైరు. ఆ వైరు ఇనుముకు తగిలితే లైటు వెలుగుతుంది. ఇంజను ఆపించి, ఆ వైరు పీకి, తాళం మాత్రం తిప్పమన్నాను. లైటు ఆరాలి. కానీ బొట్టు అంచుల్లోంచి ఎరుపు కనిపిస్తూనే ఉంది. అంటే తప్పు ఆయిల్లో లేదు, స్విచ్చులో లేదు... వైరే దారిలో ఎక్కడో ఇనుముకు తగులుతోంది.

"జరగండి" అని సుగుణ కొంగు దోపింది. మగ్గం మీద పోగు తెగితే ఎక్కడ తెగిందో వేళ్ళతో తడుముతూ పోతారే... అలాగే ఆ వైరు వెంబడి రెండు వేళ్ళు పోనిచ్చింది. ముందు జాలీ వెనక వేళ్ళు ఆగాయి.

"ఒరే, ఈ నిమ్మకాయ దేంతో కట్టినావురా?"

"దారమైతే తెగిపోతాదని ఇనుపతీగతో కట్టినా..."

ఆ తీగ కొసను ఇనుప జాలీలోంచి లోపలికి లాగి, చేతికందిన వైరుకే మెలిపెట్టి బిగించాడు మహానుభావుడు! చిత్తూరు నుంచి వచ్చేలోపు అది వైరు తొడుగును కోసి లోపలి రాగిని పట్టుకుంది.

సుగుణ మెలి విప్పి, తీగతో సహా నిమ్మకాయను ఊడదీసింది. నేను టేపు చుట్టి, పీకిన వైరు మళ్ళీ తగిలించాను. స్టార్టు చేస్తే బొట్టు అంచున ఎరుపు మెరిసి... ఆరింది! పిల్లల కేకలు, టీకొట్టు జనం ఈలలు...

సుగుణ డ్రైవరు తలుపు తీసి నిలబడింది. వాడు దిగక తప్పలేదు.

"మరి దిష్టి ఎట్లక్కా?"

"నువ్వే పట్టుకోని కూసో."

కాణిపాకం దాకా వాడు వెనక సీట్లో నా కూతుళ్ళ మధ్య ఇరుక్కుని, ఆ నిమ్మకాయ పట్టుకుని కూర్చున్నాడు. మిరపకాయ చేత్తో కళ్ళు నలుపుకుని ఏడ్చాడు కూడా. నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తరగలేదు! ముందు సీట్లో గాజుల చప్పుడు... లారీ డ్రైవర్లు తలలు బయటపెట్టి చూస్తుంటే ఆవిడ హారను కొట్టి మరీ దాటింది.

ఇప్పటి కార్లకు తెరలొచ్చాయి. ఏం చెడిందో అవే చెబుతాయి. బానెట్ ఎత్తేవాళ్ళు లేరు, చుట్టూ మూగేవాళ్ళు లేరు... తప్పుడు సలహా ఇవ్వడానికైనా ఎవరూ ఆగడం లేదు.

"ఇంకా ఎందుకు పట్టుకోని ఏలాడతారు, పోనీండి" అంటోంది సుగుణ, నా భుజం మీదుగా ఇది చదువుతూ. ఆవిడ ఏనాడో మరిచిపోయింది. నేను మరవను.

మీ ఇంటికొచ్చిన మొదటి కారును గుమ్మం ముందు నుంచి మొదట కదిలించిందెవరు? కింద రాయండి... మా ఇంట్లో ఆ జవాబు సుగుణ కావాల్సింది. తిరుపతి నుంచి చంద్రగిరి దాకా ఆ దారిని ఆవిడకు కాకుండా చేసినవాడు ఒకడున్నాడు... మా బావమరిది మునిరత్నం.