చింతపండుతో కడిగిన హీటరు

క్వీన్స్‌లాండ్ మొత్తం మీద మోటర్‌హోమ్‌లోని నీళ్ళ హీటరును చింతపండుతో బాగుచేసిన మనిషిని నేనొక్కణ్ణే. ఆ పని చేసిన రోజు కారవాన్ పార్కు పార్కంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్పగలను, ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, మొన్న ఆదివారం మా ఎదురింటి అమ్మాయికి చెప్పినట్టే.

ఆ అమ్మాయిది ఖమ్మం, ఇక్కడ టూవూంబాలో ఆసుపత్రిలో నర్సు. వంటగది, మంచం, స్నానాల గది అన్నీ లోపలే ఉండే మోటర్‌హోమ్ ఒకటి ఈ మధ్యే సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుని, సెలవు దొరికితే చాలు ఒక్కతే ఊళ్ళు తిరిగొస్తుంది. చలికాలం రాకముందే హీటరు టాంకు ఖాళీ చేసి, అడుగున పేరుకున్న సున్నం కడిగేద్దామని ఆ రోజు పొద్దున్న బండి పక్కన పాత దుప్పటి పరుచుకుని కూర్చుంది. స్పానర్ చప్పుడు వినిపిస్తే ఇంట్లో ఉండగలిగే రకం కాదు నేను. కాఫీ గ్లాసు పట్టుకునే రోడ్డు దాటాను. అన్నీ తెలిసిన పెద్దమనిషి ఎదురింట్లో ఉండగా ఫోనులో వీడియో చూసి నేర్చుకోవడం ఏమిటని నా బాధ. చూస్తావేం, ఆ టాంకు బిరడా విప్పెయ్ అన్నాను. ఆ అమ్మాయి నన్ను జ్వరం ఎక్కువైన రోగిని చూసినట్టు చూసింది.

"అంకుల్, ఫస్ట్ ప్రెజర్ రిలీజ్ చెయ్యాలి గదా. లేకపోతే మొహం మీదికే కొడతది."

కొడుతుంది. ఎలా కొడుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

అప్పటికి నేను యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరి ఎంతోకాలం కాలేదు. పిల్లలింకా పుట్టలేదు. ఈ కొండ మీది ఊళ్ళో మనవాళ్ళ కొట్టు ఒక్కటీ ఉండేది కాదు, కందిపప్పు కావాలన్నా చింతపండు కావాలన్నా బ్రిస్బేన్ దాకా దిగి వెళ్ళాల్సిందే. మా డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన పెద్దాయన ఒకరు తన పాత మోటర్‌హోమ్ అమ్ముతానంటే, ఈ దేశం చూడాలంటే దీన్ని మించిన వాహనం లేదని మా ఆవిడకి చెప్పి కొనేశాను. నిజానికి కొనేశాక చెప్పాను. ఆవిడ ఒక్క షరతు పెట్టింది. ఎంత దూరమైనా వస్తుంది, ఎక్కడ ఆపినా పడుకుంటుంది, కానీ పొద్దున్న లేవగానే వేణ్ణీళ్ళ స్నానం ఉండాలి. ఏ రోజు ఉండదో ఆ రోజే తను దిగిపోతుంది.

మన తరం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను. స్నానం కాకుండా పొయ్యి ముట్టించని ఇళ్ళలో పెరిగినవాళ్ళం. తెల్లవారకముందే దొడ్లో ఊక పొయ్యి మీద రాగి కాగు మరుగుతూ ఉండేది, ఆ పొగ వాసన తలకి పట్టాకే మనకి పొద్దు పొడిచినట్టు. మా ఆవిడ ఆ అలవాటును విమానంలో భద్రంగా తెచ్చుకుంది. వేణ్ణీళ్ళు లేకపోతే స్నానం లేదు, స్నానం లేకపోతే స్టవ్ లేదు, స్టవ్ లేకపోతే నాకు కాఫీ లేదు. ఇలాంటి బండ్లు రాత్రికి ఆపుకునే కారవాన్ పార్కుల్లో అందరికీ ఉమ్మడి స్నానాల గదులు ఉంటాయి గానీ, స్నానం చేసిన కాళ్ళతో ఎర్రమట్టి తొక్కుకుంటూ బండి దాకా రావడం ఆవిడకి గిట్టదు.

అలా ఒక జులైలో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, యూనివర్సిటీ సెలవుల్లో, పడమటికి బయల్దేరాం. టూవూంబా దాటి కాస్త పోతే పొలాలు, ఇంకా పోతే గడ్డి, ఆ పైన ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఎక్కడ ఆగినా బోరు నీళ్ళే. గ్లాసులో పోసి ఆరబెడితే అంచున తెల్లటి గీత పడే నీళ్ళు. అవే రోజూ మా హీటరు టాంకులోకి వెళ్ళాయి. మొదట దాని కడుపులో గడగడమని చప్పుడు మొదలైంది. తర్వాత వేణ్ణీళ్ళు గోరువెచ్చనయ్యాయి. ఓ చిన్న ఊరి కారవాన్ పార్కులో ఆగిన మర్నాడు పొద్దున్న, అద్దాల మీద మంచు గీకితే రాలే చలిలో, కుళాయి తిప్పిన మా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. సూట్‌కేస్ తీసి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మర్నాడు మధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర టూవూంబా బస్సు ఆగుతుందని ఎప్పుడు కనుక్కుందో తెలియదు, కనుక్కుంది. రేపు పొద్దున్నకి వేణ్ణీళ్ళు వస్తే సరే, లేకపోతే తను బస్సులో, నేను నా దేశాటనలో.

బండి పోతే పోయింది గానీ, ఆవిడ అలా బస్సెక్కి వెళ్ళిపోతే ఇంకెప్పుడూ నాతో ఏ ఊరికీ రాదని నాకు అర్థమైంది. ఇద్దరమే ఉన్న దేశంలో అది చిన్న విషయం కాదు.

లుంగీ కట్టుకుని బండి పక్కన మట్టిలో పడుకున్నాను. టాంకు ఖాళీ చేసేటప్పుడు పైప్ నుంచి వచ్చే నీళ్ళు అందులోకి పోకుండా పక్కదారి పట్టించాలని అమ్మిన పెద్దాయన చెప్పిన గుర్తు. దానికి లోపల మంచం కింద ఒక ఎర్ర పిడి ఉంది. దాన్ని తిప్పమని మా ఆవిడకి బయటి నుంచే కేకేసి చెప్పాను, తిప్పానని జవాబొచ్చింది. తర్వాత టాంకు బిరడా విప్పాను. ప్రెజర్ సంగతి నాకెవరూ చెప్పలేదు. లోపలున్న నీళ్ళన్నీ ఒక్కసారి నా మొహం మీద పడ్డాయి. మా ఆవిడ కోరుకున్న స్నానం నాకైంది, అదీ చన్నీళ్ళతో.

బిరడాతో పాటు ఒక కడ్డీ వచ్చింది. టాంకుకి పట్టాల్సిన తుప్పు తను పట్టించుకోవడమే దాని ఉద్యోగమట. నమిలి పారేసిన వేపపుల్లలా ఉంది. రబ్బరు గొట్టం లోపలికి పెట్టి నీళ్ళు కొడితే తెల్లటి పెళ్ళలు రాలాయి. బిందెడు సున్నం వచ్చిందని నేను చెబుతుంటాను. దోసెడు. ఇంకా లోపల అంటుకుని ఉన్నట్టే అనిపించింది. అప్పుడు నాకు అమ్మ రాగి కాగు తోమడం గుర్తొచ్చింది. ఎంత మొండి మరకైనా చింతపండు ముందు నిలిచేది కాదు. వంట అల్మారాలో ప్రయాణం మొత్తానికి తెచ్చుకున్న చింతపండు ఉంది. అడిగితే ఇవ్వదు కాబట్టి అడగలేదు. మొత్తం బకెట్లో పిసికి, నా బనీనుతో వడకట్టి, బండి నీళ్ళ టాంకులో పోసి, బిరడా బిగించి, హీటరులోకి ఎక్కేలా పంపు వేసి, కుళాయిలన్నీ తిప్పి, పొద్దున్నదాకా నాననిచ్చాను.

పొద్దున్న అదంతా బయటికి వదిలేసి మంచినీళ్ళు పట్టి హీటరు గ్యాసు వెలిగించాను. కాసేపటికి దానంతట అదే టప్పున ఆరిపోయింది. కుళాయిలో నీళ్ళు మంచులా ఉన్నాయి, పైగా చారు వాసన. సూట్‌కేస్ గుమ్మం దగ్గరే ఉంది. ఆవిడ మొహం చూడలేక, మెకానిక్ ఎవరైనా దొరుకుతాడేమోనని పెట్రోలు బంకుకి నడిచాను. ఎవరూ దొరకలేదు. నేను తిరిగొచ్చేసరికి స్నానాల గది కిటికీలోంచి ఆవిరి వస్తోంది. ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, కాఫీ పెడతాను, సూట్‌కేస్ లోపల పెట్టండి అంది. అంతే. చింతపండు కాస్త ఆలస్యంగా పనిచేసిందని నేను తీర్మానించుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరి ఒంటి మీదా చారు వాసనే, తినడానికి మాత్రం చారు లేదు.

ఇక చప్పట్ల సంగతి. పార్కులో మాది కాక ఉన్నవి రెండే బండ్లు. ఒకదాంట్లో వాళ్ళు నిద్ర లేవలేదు. రెండోదాని ముందు కుక్కతో కూర్చున్న ముసలాయన రెండు చేతులూ చరిచిన మాట నిజమే. చలికి.

ఎదురింటి అమ్మాయి ఇదంతా వింటూనే, నా సలహా ఒక్కటీ తీసుకోకుండా, ప్రెజర్ వదిలి, బిరడా విప్పి, కడ్డీ మార్చి, వెనిగర్ పోసి నానబెట్టి కడిగేసింది. చేతికి తొడుగులు వేసుకుంది, మొహం మీద చుక్క పడలేదు. ముచ్చటేసింది. ఈ రోజుల్లో పార్కులో చోటు ఫోనులోనే దొరుకుతుంది, హీటరుకేం జబ్బో ఫోనే చెబుతుంది, చింతపండు మా వీధి చివర కొట్లో దొరుకుతుంది. మెకానిక్ కోసం ఊరంతా తిరిగే పని లేదు. అన్నీ మంచికే. కానీ చలిలో మట్టిలో పడుకుని, లోపలున్న మనిషికి కేకేసి, ఆ మనిషి జవాబు కోసం చెవులు రిక్కించడం మాత్రం ఇప్పుడు ఎవరికీ అవసరం పడటం లేదు. అదొక్కటే కాస్త వెలితిగా అనిపిస్తుంది.

ఇంతలో మా ఆవిడ ఆ అమ్మాయి కోసం పెసరట్లు పట్టుకుని వచ్చింది. బిరడా బిగిస్తున్న ఆ అమ్మాయి తలెత్తి, ఆంటీ, లోపల ఒక వాల్వ్ ఉంటది, కొంచెం తిప్పుతారా, అని అడిగింది. మా ఆవిడ ప్లేటు నా చేతిలో పెట్టి, ఎక్కడుందని అడగకుండా, బండెక్కి తిన్నగా మంచం కిందికి వంగి తిప్పేసి దిగింది. నీకెలా తెలుసని అడిగాను. ఆ అమ్మాయి పని ఆపి మరీ వింది.

"తిప్పమన్నారు, తిప్పాను. మళ్ళీ వెనక్కి తిప్పమని మీరు చెప్పలేదుగా. మీ చింతపండు ఆ హీటరు మొహం కూడా చూడలేదండీ, కుళాయిల్లో తిరిగి కుళాయిల్లోంచే పోయింది. మీరు బంకుకి వెళ్ళాక పిడి వెనక్కి తిప్పి, ఖాళీ హీటరు నిండాక గ్యాసు వెలిగించింది నేను. బస్సెక్కాలనుంటే తిప్పేదాన్నా?"