నూనె మరక

మునిసిపల్ ఆఫీసులో అందరూ ఆయన్ను బోర్డుల మేస్త్రి అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత మోకాళ్లు నిచ్చెన ఎక్కనంటున్నాయి. పరాయి దేశంలోని ఒక నగరంతో ఈ ఊరు సోదర నగరాలమని ఒప్పందం రాసుకుంది. ఊరి ముఖద్వారం మీద దాని పేరున్న రేకు బోర్డును మేస్త్రి మూడుసార్లు బిగించాడు, మూడుసార్లు విప్పాడు. రెండు దేశాల ప్రభుత్వాలకూ మాటామాటా వచ్చినప్పుడల్లా దించమంటారు, రాజీ పడగానే ఎక్కించమంటారు. దించిన బోర్డును పాత దుప్పట్లో చుట్టి తన బల్ల కిందే పెట్టుకుంటాడు. సామాన్ల గదికి పంపితే మళ్లీ మోసుకు రావలసింది తనే కదా.

నిన్న నాలుగోసారి ఎక్కించాడు. ఒక్కో స్క్రూకీ చుక్క నూనె వేస్తుంటే కింద నిలబడ్డ కమిషనర్ విసుక్కున్నాడు. "ఏంటయ్యా ఆ జిడ్డు? ఈసారిది శాశ్వత స్నేహం. గట్టిగా బిగించు."

"బిగిస్తాను సార్. తుప్పు పట్టిందంటే మాత్రం విప్పడానికి గంటసేపు నిచ్చెన మీద నిలబడాలి. ఈ మోకాళ్లతో నా వల్ల కాదు."

కమిషనర్ మొహం మాడ్చుకున్నాడు. ఈ ఉదయం ఆ నగరం నుంచి ఫొటో వచ్చింది. అక్కడి ద్వారం మీద మన ఊరి పేరు బోర్డు. కమిషనర్ సంబరంగా అందరికీ చూపిస్తూ మేస్త్రి బల్ల దగ్గరికీ తెచ్చాడు. మేస్త్రి కళ్లజోడు సర్దుకుని, పేరు వదిలేసి మూలలు చూశాడు. నాలుగు స్క్రూల కిందా నూనె సన్నగా కారిన మరకలున్నాయి.

"పాపం," అన్నాడు మోకాలు రుద్దుకుంటూ, "అక్కడి మేస్త్రికీ మోకాళ్ల నొప్పులున్నట్టున్నాయి."