పెద్దమ్మ సన్నబియ్యం

కిందటి ఆదివారం మా గుడిలో ప్రకటనలు చదివే పెద్దమనిషి ఒక కొత్త సంగతి చెప్పాడు. ఇకమీదట గుప్పెడు బియ్యం సంచి మోసుకుని రానక్కర్లేదట, గోడకి అంటించిన నలుపూ తెలుపూ గళ్ల బొమ్మకి ఫోను చూపించి ఆ మేరకు డబ్బు వేసేస్తే చాలట. చర్చిని మేం గుడి అనే అంటాం. గుంటూరులో మా పేటలో పుట్టిన వాళ్లకి ఇంకో మాట నోటికి రాదు. నా పక్కన మా పెద్దమ్మ కూర్చుని ఉంది. మా అమ్మకి అక్క. డెబ్బై దాటింది, వినికిడి బాగా తగ్గింది. "ఏమంటన్నాడే?" అని అడిగింది. చెవిలో చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఫోన్లో పోస్తే పురుగు పట్టదా?" అంది, సగం గుడికి వినపడేట్టు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. పురుగు అన్న మాటకి నాకు కొన్నేళ్ల కిందటి ఒక ఎండాకాలం గుర్తొచ్చింది. మిరపకి నల్లతామర పురుగు పట్టిన ఏడు అది.

గుప్పెడు బియ్యం అంటే ఏమిటో తెలియని వాళ్లకి చెప్పాలి. మాలో ఇల్లాలు అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా సంచిలో వేస్తుంది. ఆదివారం ఆ సంచి గుడికి తెచ్చి అక్కడున్న డ్రమ్ములో పోస్తుంది. ఆ బియ్యం అమ్మి గుడి ఖర్చులకి వాడుకుంటారు. ఎంత లేనివాళ్లయినా గుప్పెడు తీయగలరన్నది పూర్వం ఎవరికో తోచిన ఆలోచన. వండే బియ్యంలోంచి తీయాలన్నది పద్ధతి. మా పెద్దమ్మ మాత్రం ఆ పద్ధతిని తనకి నచ్చినట్టు దిద్దుకుంది. మేం తినేది రేషను బియ్యం, మా పేటలో స్టోరు బియ్యం అంటారు. వండితే కాస్త ముద్దగా, కాస్త వాసనగా ఉంటాయి, అలవాటైతే ఏమీ తెలియదు. గుడికి తీసే గుప్పెడు మాత్రం వేరే స్టీలు డబ్బాలోంచి వచ్చేది. అందులో కొట్టు నుంచి తెచ్చిన సన్నబియ్యం ఉండేవి, మల్లెమొగ్గల్లా. మా ఇంట్లో దేవుడికి వేరు కుంపటి పెట్టేసిందన్న మాట. "మనం తినేది ఆయన తినడా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "ఆయన తింటాడు. అమ్మగారు చూస్తది గదే," అంది. అమ్మగారంటే పాస్టరు గారి భార్య. డ్రమ్ము దగ్గర నిలబడి ఎవరి సంచి వాళ్లు పోస్తుంటే పలకరించేది ఆవిడే. పెద్దమ్మ సంచి విప్పినప్పుడల్లా, "మీ ఇంటి బియ్యం చూస్తే చాలమ్మా, కడుపు నిండిపోద్ది," అనేవారు. ఆ ఒక్క మాట కోసం పెద్దమ్మ వారమంతా కూరలో నూనె తగ్గించేది.

పెద్దమ్మ పని మిరపకాయలకి తొడిమలు తీయడం. మిర్చి యార్డుకి వచ్చిన కాయ వ్యాపారులు కొని ఊరి బయట కోల్డ్ స్టోరేజీల్లో పెడతారు, అక్కడి షెడ్లలో ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చుని కాయకి తొడిమ ఊడదీసి పడేస్తారు. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. కొత్తగా వెళ్లిన వాళ్లకి మొదటి రోజే కళ్లు, ముక్కు, చేతులు మండిపోతాయి, రాత్రి నిద్ర ఉండదు. పెద్దమ్మకి అవన్నీ ఎప్పుడో పోయాయి. వేళ్ల చివర్లు చచ్చుబడిపోయి, పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండా దింపేది. చిన్నప్పుడు అది గొప్ప విద్య అనుకునేదాన్ని. పెదనాన్న పత్తి మిల్లులో పనిచేసేవాడు, నేను గుంటూరు వచ్చేనాటికే లేడు. అమ్మ పోయాక నేను కనిగిరి నుంచి వచ్చి పెద్దమ్మ దగ్గరే ఉండిపోయాను. పెళ్లి కాలేదు, ఆ సంగతి ఇక్కడ అనవసరం. ప్రైవేటు బడిలో టీచర్ని. వినడానికి బాగుంటుంది. కానీ పిల్లలకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు యాజమాన్యం మా జీతాలకి కూడా సెలవులిచ్చేది.

ఆ ఏడు మిరప పూత మీదే పురుగు పడింది. పల్లెల్లో రైతులు కొట్టని మందు లేదు, చివరికి తోటలు దున్నేశారు. పేపర్లో మాత్రం మిరపకి మంచి ధర వచ్చిందని రాశారు. ధర ఉంది, కాయ లేదు. కాయ లేకపోతే మా పేటలో ఏమవుతుందో పేపర్లో రాయరు. మొదట ఆడవాళ్లని తీసుకెళ్లే ఆటో వేగంగా తీసే చిన్నవాళ్లని మాత్రమే ఎక్కించుకుంది. తర్వాత రోజు విడిచి రోజు వచ్చింది. తర్వాత రాలేదు. ఆటో రాకపోయేసరికి సందు మొదట్లో ఇడ్లీలు అమ్మే ఆవిడ బేరం పోయింది. నా దగ్గర ట్యూషను చెప్పించుకునే పిల్లలు మానేశారు, వాళ్ల అమ్మలు కూడా తొడిమలు తీసేవాళ్లే. ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టుకోలేదు. పెద్దమ్మ రోజూ తెల్లారగట్లే తయారై, టిఫిను క్యారేజీ పట్టుకుని సందు చివరికి వెళ్లి నిలబడేది. ఎండ ఎక్కాక తిరిగొచ్చి క్యారేజీలోది అరుగు మీద కూర్చుని తినేది. "ఇంట్లో తిన్నా అదే గదా," అంటే, "పనికి కట్టుకున్నది పని దగ్గర తిన్నట్టే ఉండాల," అనేది.

రేషను కార్డులో పెద్దమ్మ పేరొక్కటే ఉంది. నా పేరు ఎక్కించమని తిరిగి తిరిగి, చివరికి ఆఫీసులో ఫ్యాను కింద ఏ కుర్చీ చల్లగా ఉంటుందో తెలుసుకోవడం తప్ప ఏమీ సాధించలేకపోయాను. ఒక మనిషి బియ్యం ఇద్దరం తినేవాళ్లం. నెల సగమయ్యేసరికి అన్నం జావ అయ్యేది, జావ పలచబడి గంజి అయ్యేది. అటక మీద స్టీలు డబ్బాలో సన్నబియ్యం ఉండేవి. పొయ్యి వెలిగించినప్పుడల్లా పెద్దమ్మ ఆ డబ్బా దింపి గుప్పెడు తీసి సంచిలో వేసి, మళ్లీ పైన పెట్టేది. గుప్పెడు మాత్రం రోజురోజుకీ చిన్నదైంది. నేను దాన్ని చూస్తున్నానని ఆమెకి తెలుసు. "అవి మనియ్యి కావు," అని ఒక్కసారే అంది. నాకు కోపం రావాలి. రాలేదు. ఆకలి మొదట్లో గొడవ చేస్తుంది గానీ, పట్టించుకోకపోతే అదీ ఊరుకుంటుంది. ఆ రోజుల్లో మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి కూడా పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఈస్టరు వెళ్లిన వారం అమ్మగారు మా ఇంటికి వచ్చారు. పెద్దమ్మ నన్ను కళ్లతోనే దొడ్డిదారిన పంపింది. పక్కింట్లో పాలూ పంచదారా అడిగి తెచ్చాను. టీ తాగుతూ అమ్మగారు చెప్పారు, పేటలో పనుల్లేక ఇబ్బంది పడుతున్నారు గనక ఈసారి గుప్పెడు బియ్యం అమ్మకుండా లేని ఇళ్లకి పంచాలని సంఘంలో అనుకున్నారట. పెద్దమ్మ తలెత్తింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నా కళ్లకి కనిపించింది అన్నమే, పొగలు కక్కుతూ. "నీ చేత్తో ఇప్పిద్దామని అయ్యగారన్నారమ్మా," అన్నారు అమ్మగారు. "ఇన్నేళ్ల నుంచి గుడికి మంచి బియ్యం తెస్తున్న దానివి. కలిగినవాళ్ల చేత్తో పెడితేనే బాగుంటది." పెద్దమ్మ అమ్మగారి చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంది. తర్వాత, "అట్టాగే అమ్మగారూ," అంది. అమ్మగారు వెళ్లాక గ్లాసు కడుగుతూ, "కలిగినవాళ్లమంట," అంది. అటు తిరిగి ఉంది గనక నవ్విందో లేదో నాకు కనపడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో డ్రమ్ము పెట్టారు. పెద్దమ్మ డబ్బాతో కొలిచి పోస్తుంటే నేను పక్కన నిలబడి సంచుల మూతులు తెరిచి పట్టుకున్నాను. వరసలో ఉన్నవాళ్లంతా షెడ్లో పెద్దమ్మతో కూర్చునే వాళ్లే. వాళ్లు ఆమె మొహం వైపు చూడకుండా సంచి వైపే చూశారు, ఆమె కూడా అంతే. మా ఎదురింటావిడ వంతు వచ్చింది. ఆమెకి మెల్లిగా మాట్లాడటం చేతకాదు. బియ్యం పోయించుకుని పక్కకి జరక్కుండా, "నీకూ ఒక డబ్బా పోసుకోవే అక్కా. నేనూ నువ్వూ ఒకే కుప్ప కాడ కూర్చునేవాళ్లం. నాకు లేని పని నీకేడది?" అంది. పెద్దమ్మ, "ముందు నీ సంచి సరింగా పట్టుకో, కింద బోతన్నయ్," అని తర్వాతి మనిషిని పిలిచింది.

అందరికీ పంచాక ఒక వంతు మిగిలింది. ఆ ఇంటివాళ్లు పని వెతుక్కుంటూ ఒంగోలు వెళ్లిపోయారట. "ఇవెవరికిద్దాం?" అన్నారు అమ్మగారు. పెద్దమ్మ డబ్బా కింద పెట్టింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "మాకియ్యండి అమ్మగారూ," అంది.

కొట్లో ఉప్పు అడిగినట్టు అడిగింది. అమ్మగారు ఆమె భుజం మీద చిన్నగా కొట్టి నవ్వేశారు. "భలేదానివమ్మా. మీ ఇంటి బియ్యం ముందు ఇవి ఏ మూలకి? మీ నోటికి దిగుతయ్యా?" నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా ముంజేయి పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకి తెలియదు. తనూ నవ్వింది. ఆ వంతు బియ్యం గుడి గేటు దగ్గర పడుకునే ముసలాయనకి ఇప్పించారు. ఆయనకి పొయ్యీ లేదు, గిన్నే లేదు. వాటిని టీ కొట్లో ఇచ్చి రెండు మూడు రోజులు టీ తాగాడని తర్వాత తెలిసింది.

ఇద్దరం ఇంటి దారి పట్టాం. నాకు అమ్మగారి మీద కోపం లేదు, ఇప్పటికీ లేదు. ఆవిడ చూసిందే నమ్మారు, మేం చూపించిందే ఆవిడ చూశారు. సందు మలుపులో పెద్దమ్మ, "అడిగా గదే," అంది. "అడిగావు," అన్నాను. "ఇంక అడగలేదని అనమాక." ఇంటికి రాగానే అటక మీద నుంచి స్టీలు డబ్బా దింపింది. ఉన్నవన్నీ కడిగి ఎసట్లో పోసింది. గుప్పెడు తీయలేదు. ఇద్దరం పండుమిరప పచ్చడితో తిన్నాం. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో సన్నబియ్యం అన్నం తినడం నాకదే మొదటిసారి. రుచి ఎలా ఉందో చెప్పమంటే చెప్పలేను. పెద్దమ్మ మాత్రం రెండో ముద్ద దగ్గర ఆగి, "గొంతులోంచి ఇట్టే జారిపోతన్నయ్, తిన్నట్టే లేదు," అంది.

ఆ వారం మధ్యలో ఎవరో వ్యాపారి కోల్డ్ స్టోరేజీ నుంచి పాత సరుకు బయటికి తీశాడు, ఆటో వచ్చింది. ఈసారి నేనూ ఎక్కాను. కుప్ప దగ్గర నా ట్యూషను పిల్లల తల్లి ఒకావిడ, "టీచరు గారూ, ఇటు రాండి, గాలి తగులుద్ది," అని జరిగి చోటిచ్చింది. మొదటి రోజు చేతులు భగభగ మండాయి. నిజం చెప్పాలంటే అన్ని రోజుల తర్వాత ఏదో ఒకటి తెలిసినందుకు బాగానే ఉంది. కూలి డబ్బుతో ఇంట్లోకి ఉప్పూ పప్పూ వచ్చాయి, స్టీలు డబ్బాలోకి మాత్రం ఏమీ రాలేదు. ఆదివారం పెద్దమ్మ స్టోరు బియ్యం గుప్పెళ్లే సంచిలో కట్టి గుడికి తీసుకొచ్చింది. డ్రమ్ములో పోస్తుంటే అమ్మగారు పలకరించబోయి ఆగారు. ఆ బియ్యం వైపు చూశారు. పెద్దమ్మ వైపు చూశారు, కారానికి ఎర్రబడ్డ నా వేళ్ల వైపు చూశారు. చేత్తో పైపైన కలిపి ఆ బియ్యాన్ని మిగతా వాటిలో కలిపేశారు.

మర్నాడు ఆవిడ సంచి నిండా బియ్యంతో మా ఇంటికి వచ్చారట. తలుపుకి తాళం వేసి ఉంటే అరుగు మీద చాలాసేపు కూర్చున్నారట. ఎదురింటావిడ ఆ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉండి, "వాళ్లిద్దరూ పనికి పోయారండీ," అని చెప్పిందట. ఆ మాట విని అమ్మగారు సంతోషించారో, ఏమనుకున్నారో, సంచి తిరిగి రిక్షాలో వేసుకుని వెళ్లిపోయారు. మాకు పని లేదని గుడికి తెలిసిన రోజున మేం పనిలో ఉన్నాం. లేమికి ఒక వారం ఉంటుంది, దయకి ఇంకో వారం ఉంటుంది, ఆ రెండూ ఒకే వారంలో మా సందులోకి రావడం నేనింతవరకూ చూడలేదు.