కాదనలేని వార్సినీ

మా లాసెమ్ ఊళ్లో పెద్దవాళ్ల ముఖం మీద కాదనడం ఎవరికీ చేతకాదు. వార్సినీకి మరీనూ. అన్నం తిన్నావా అంటే, కడుపు కాలుతున్నా తిన్నానండి అంటుంది. నలభై ఏళ్లుగా తెల్లబట్ట మీద కరిగిన మైనంతో బాటిక్ గీతలు గీస్తోంది. అంత సన్నగీత గీసేవాళ్లు ఊరు మొత్తానికి ముగ్గురో నలుగురో.

భర్త చనిపోయిన ఏడాది, ఎవరూ లేనిచోట ఆమెకు గొంతులు వినపడసాగాయి. పెద్దాసుపత్రి మాత్రలతో గొంతులు ఆగాయి గాని, చెయ్యి వణకడం మొదలైంది. గీత పక్కన మైనం బొట్లు పడ్డ బట్ట ఎవరు కొంటారు? అక్కడి డాక్టరు నెలనెలా కాగితం మీంచి తలెత్తకుండా "మందు పడుతోందా?" అనేవాడు. "పడుతోందండి" అనేది. మళ్లీ అవే మాత్రలు రాసేవాడు. చివరికి ఎవరికీ చెప్పకుండా మానేసింది. చెయ్యి నిలబడింది, గొంతులు తిరిగొచ్చాయి. చెయ్యి దక్కితే బుర్ర దక్కదు, బుర్ర దక్కితే చెయ్యి దక్కదు. అయినా నోరు విప్పలేదు మహాతల్లి.

అప్పుడే ఆ ఆసుపత్రికి విద్యాస్తుతి అనే కొత్త డాక్టరు వచ్చింది.

"మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా?"

"వేసుకుంటున్నానండి."

"ఏం పని చేస్తారు?"

బాటిక్ అని తెలిసి, కాగితం, పెన్ను ముందుకు జరిపింది. "ఏదైనా గీసి పెట్టండి, చూస్తాను."

వార్సినీ మురిసిపోయి మల్లెతీగ గీసింది. గీత ఎక్కడా చెదరలేదు.

"ఇంత మందు మింగేవాళ్ల చెయ్యి ఇంత నిలకడగా ఉండదమ్మా. ఎప్పుడు మానేశారు?"

చీవాట్లు తప్పవనుకుని వార్సినీ తలదించుకుంది.

"నేనైనా మానేసేదాన్నేమో. బతుకుతెరువు కదా," అంది డాక్టరు. "గొంతులు వస్తున్నాయా?"

"అప్పుడప్పుడు."

డాక్టరు మందు మార్చింది. "ఇది కూడా పడకపోవచ్చు. పడకపోతే వచ్చి ఏమంటారు?"

"బాగానే ఉందంటానండి."

ఇద్దరికీ నవ్వొచ్చింది. "అదే వద్దంటున్నా," అంది డాక్టరు.

నెల తిరిగింది. గొంతులు ఆగాయి. వణుకు పాత మాత్రలప్పటంత లేదు గాని, మళ్లీ వచ్చింది. వార్సినీ లోపలికి వెళ్లి కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "బాగోలేదండి." యాభై రెండేళ్ల బతుకులో అలా అనడం అదే మొదటిసారి.

డాక్టరు పెన్ను పక్కన పెట్టి, "చెప్పండి," అంది.

చాలాసేపటికి బయటికొస్తే, వరసలో కూర్చున్న చేపల తుమినా ఆపింది. "కొత్తావిడ బాగా చదువుకున్నదేనా వదినా?"

"చదువు సంగతి నాకేం తెలుసే. ఆవిడతో 'బాగోలేదు' అని చెప్పొచ్చు."