మస్తాన్‌బీ బండికి దిండు

1997 వేసవిలో నేను విజయవాడలోని ఒక పునరావాస కేంద్రంలో సీనియర్ ఆర్థోటిస్టుగా పనిచేస్తున్నాను. ఆ పేరు చెబితే మా అత్తగారితో సహా ఎవరికీ బోధపడేది కాదు. పోలియో కాలికి కాలిపర్లు, దెబ్బతిన్న నడుముకి బెల్టులు, మెడకి కాలర్లు కొలతలు తీసి తయారుచేసేవాళ్ళని ఆర్థోటిస్టులంటారు. రోగిని పెద్ద డాక్టరు గారు చూసి ఏం కావాలో రాస్తారు. అది ఏ ఆకారంలో, ఎక్కడ ఆనాలో తేల్చడం నా పని. ఇనుమూ తోలూ పట్టి దాన్ని నిలబెట్టడం నా కింద ఉన్న ఫిట్టరు పని. ఆ వర్క్‌షాపులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నా నోరు కాస్త పెద్దదని వెనకాల అనుకునేవారు. అబద్ధమేమీ కాదు.

డాక్టరు గారు ఓ రోజు మస్తాన్‌బీ గారిని నా దగ్గరికి పంపించారు. ఉయ్యూరు వైపు కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో ఉంటారావిడ. పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఏదో జబ్బు చేసి మెడ కండరాలు బలహీనపడ్డాయి. కాళ్ళూ చేతులూ నిక్షేపంలా ఉన్నాయి గానీ తల నిలబడదు. కాసేపు కూర్చున్నా, నడిచినా గడ్డం వచ్చి గుండెలకి ఆనుతుంది. కాలర్ వేస్తే ఊపిరాడటం లేదని తీసేసేవారు. వెనక్కి వాలితే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. బడిలో మడత కుర్చీలో వాలి చక్కగా పాఠం చెప్పుకోగలరు. బడికి వెళ్ళడమే గండం. ఆ గట్టు మీదకి బస్సు లేదు, ఆటోవాళ్ళు రామంటారు. ఉన్న సెలవులన్నీ అయిపోయాయి. జూన్‌లో బడి తెరిచే రోజుకి వెళ్ళి చేరకపోతే ఉద్యోగం వదులుకోవడమే.

"ఇంట్లో పడుకోబెట్టి అన్నం పెడతానంటారండీ మా ఆయన. నాకు అన్నానికేం లోటు? నా పిల్లలకి ఎక్కాలు ఎవరు చెబుతారు?" అన్నారావిడ. మాట ఖచ్చితంగా ఉంది.

డాక్టరు గారికి ఒక ఆలోచన తట్టింది. వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి తొక్కే మూడు చక్రాల బండి. ఆయన గీసిన బొమ్మ పట్టుకెళ్ళి మా ఫిట్టరు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకొచ్చాడు. తల ఆనించేది మాత్రం నాకు అప్పగించారు. దిండే కదా, ఎంత పని అనుకున్నాం అందరమూ.

సీటు వెనక ఇనప కడ్డీ నిలబెట్టి, దాని మీద దళసరి ఫోమ్ పెట్టి రెక్సిన్ తొడిగాం. వర్క్‌షాపు సిమెంటు నేల మీద ఆవిడ మహారాణిలా తొక్కారు. మర్నాడు వాళ్ళ గట్టు మీద తొక్కి చూసుకుని, వారం తిరక్కుండా వెనక్కొచ్చారు. "పళ్ళు పటపటలాడిపోతున్నాయండీ. రోడ్డు రెండుగా కనపడుతోంది" అన్నారు. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా కడ్డీ ఆ దెబ్బని తిన్నగా తల వెనక్కి చేరవేస్తోందన్నమాట.

అప్పుడు రంగంలోకి దిగారు ఆవిడ భర్త సైదులు గారు. దూదేకుల కుటుంబం, తాతల నాటి నుంచి పరుపుల పని. వన్ టౌన్‌లో దూది కొని, ఇంటి దగ్గర ఏకి, చుట్టుపక్కల ఊళ్ళకి పరుపులూ దిండ్లూ కుట్టిస్తారు. వాళ్ళ పద్ధతిలో పల్చటి దిండు వేస్తే చుట్టాన్ని పొమ్మన్నట్టే. పెళ్ళికూతురి దిండైతే గుద్దితే చెయ్యి దిగకూడదట. ఆయన మా ఫోమ్ పీకి పారేసి, మేలు రకం బూరుగు దూదితో తలగడ కుట్టి తెచ్చి కడ్డీకి కట్టారు. చూడ్డానికి అద్భుతం. కానీ అంత ఎత్తు దిండు తలని ముందుకి తోసి మళ్ళీ గడ్డాన్ని గుండెల మీదకి తెచ్చింది. పైగా గుంటొచ్చినప్పుడు తల అందులోకి దిగి, అంతే వేగంగా పైకి ఎగిరేది. నేను సగం దూది తీయించాను. తర్వాతి వారానికి దిండు మునుపటి కంటే లావుగా తిరిగొచ్చింది.

"ఏమిటండీ ఇది? నేను తీసేసిన దూదికి వడ్డీ కూడా కలిపారా?" అన్నాను.

"ఇంటినిండా దూది పెట్టుకుని మా ఆవిడని పల్చటి దిండు మీద పడుకోబెట్టమంటారామ్మా? లోకం నా మొహాన ఉమ్మేయదూ?" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. ఆయన్నే బండెక్కించి, మా షెడ్డు వెనక గతుకుల దారిలో ఫిట్టరు చేత తోయించాను. నాలుక కరుచుకుని దిగారు. దిగి, నోరు తుడుచుకుని, కాసేపు ఆలోచించి, "దూది చాల్లేదండీ" అన్నారు. నేను తల పట్టుకున్నాను. ఫిట్టరు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

ఇలా కాదని డాక్టరు గారిని జీపు అడిగి ఆ గట్టు చూడ్డానికి వెళ్ళాను. అంతకుముందే చెయ్యాల్సిన పని అది. చెరకు ట్రాక్టర్లు తిరిగి తిరిగి గట్టంతా చాళ్ళు పడి ఉంది. మస్తాన్‌బీ గారు తొక్కుతున్నారు, సైదులు గారు పక్కన నడుస్తున్నారు, వెనకాల నేను. బాగా పాడైన చోటుకి వచ్చేసరికి ఆయన నాతో దూది ధరల గురించి మాట్లాడుతూనే, అలవాటు కొద్దీ ఆవిడ మెడ కిందకి అరచెయ్యి పోనిచ్చారు. బండి దభీమని పడింది, లేచింది. ఆవిడ మొహంలో ఒక్క ముడత లేదు. ఏ ఇంట్లో పిల్ల ఏ తరగతో నాకు చెబుతూనే ఉన్నారు.

నేను బండి ఆపించాను. చెయ్యి తీయొద్దని చెప్పి వంగి చూశాను. అరచెయ్యి తల వెనక లేదు. పుర్రె అడుగు అంచు కింద, మెడ మొదట్లో ఉంది. తల వెనక భాగం దిండుకి కూడా ఆనడం లేదు. బండి మళ్ళీ కదిలించి చూస్తే, ప్రతి గుంటకీ ఆయన మణికట్టు లొంగి, మళ్ళీ మెల్లిగా పైకొస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా పట్టుకుంటున్నారు?" అని అడిగాను.

"ఎలాగండీ?" అన్నారాయన అయోమయంగా. అలా పట్టుకోవడం తనకి అలవాటైన సంగతే ఆయనకి తెలీదు.

"జబ్బు చేసినప్పటి నుంచీ అంతేనండి. నిద్దట్లో కూడా చెయ్యి వచ్చేస్తుంది" అన్నారావిడ, సిగ్గుపడుతూ. "ఆ చెయ్యుంటే నాకు గుంట తెలీదు. కానీ రోజూ పని మానుకుని నా వెంట నడుస్తారా? నేను బడికి వెళ్ళాలండీ, నన్ను ఎవరూ తీసుకెళ్ళక్కర్లేదు."

మర్నాడు ఇద్దర్నీ వర్క్‌షాపుకి రమ్మన్నాను. మామూలుగా మేము రోగి ఒంటి మీద తడి ప్లాస్టర్ కట్టు పరిచి అచ్చు తీస్తాం. ఈసారి ఆ కట్టుని సైదులు గారి అరచేతి మీద పొరలు పొరలుగా పరిచి, ఆ చేత్తో ఆవిడ మెడ పట్టుకోమన్నాను. గట్టిపడేదాకా ఇద్దరూ కదలకూడదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. "కాలుతోందా? కాలుతోందా?" అని ఆయన అడగటం, "మీరు ఊరుకోండి, అందరూ చూస్తున్నారు" అని ఆవిడ కసరడం. పెళ్ళినాడు కూడా అంత సిగ్గు పడి ఉండరు. ఆ పూట వాళ్ళిద్దరూ నాకు ఎంత ముద్దొచ్చారో చెప్పలేను.

అలా వచ్చిన అచ్చులో ఒక వైపు ఆయన అరచెయ్యి, ఇంకో వైపు ఆవిడ మెడ. దాని నుంచి గట్టి ప్లాస్టర్ దిమ్మ పోసి, అరగదీసి, ఓవెన్‌లో మెత్తబడిన ప్లాస్టిక్ షీటు దాని మీద పరిచి దొన్నెలాంటిది తయారుచేశాం. మణికట్టుకి బదులు ఏం పెట్టాలన్నది మిగిలింది. ఇనప కడ్డీ పీకించి, దొన్నెని మంచాల నవారుతో రెండు వైపులా ఫ్రేముకి వేలాడదీశాం. నవారు బిగువు సరిపోయేదాకా ఫిట్టరు విప్పీ కట్టీ విసిగిపోయాడు. చక్రాల్లో గాలి కూడా కొంచెం తగ్గించాం. దొన్నె లోపల పరిచే దూది మాత్రం సైదులు గారినే కుట్టమన్నాను, ఒక్క పల్చటి పొర. కుట్టి ఇస్తూ, "ఇది నా చేతి పనని మా వాళ్ళెవరికీ చెప్పకండమ్మా" అన్నారు.

బడి తెరిచే రోజు పొద్దున్నే నేనూ ఆ గట్టు మీదకి వెళ్ళాను. ఆవిడ తొక్కుతున్నారు, ఆయన పక్కనే. చాళ్ళు పడ్డ చోటు దగ్గర పడుతుంటే ఆయన చెయ్యి దానంతటదే లేచింది.

"చెయ్యి తియ్యండి" అన్నారావిడ.

"గుంటొస్తోందే."

"రానివ్వండి. మీరిక్కడ ఆగిపోండి."

ఆయన ఆగిపోయారు. చక్రం గుంటలో పడింది. నవారు మీద తల ఒక్కసారి ఊగి, కుదురుకుంది. బండి ఆగలేదు. మెడ తిప్పి చూసే వీల్లేదు కనక ఆవిడ ఒక చెయ్యి పైకెత్తి ఊపారు. సైదులు గారు తన కుడిచేతిని ఏం చెయ్యాలో తోచనట్టు కాసేపు గాలిలోనే ఉంచి, తర్వాత లుంగీకి తుడుచుకుని, ఇంటి వైపు తిరిగారు.

గతుకుల మీద తలకి కావలసినది సరైన చోట ఆసరా, దెబ్బకి లొంగే పట్టు. మెత్తదనం ఆ తర్వాత సంగతి. ఇది ఆ కేసులో నేర్చుకుని, తర్వాత చక్రాల కుర్చీలకీ వాడాను. రెండో పాఠం రిటైరయ్యేదాకా వాడాను. ఏ రోగి వచ్చినా టేపు తీయకముందే వెంట వచ్చినవాళ్ళని అడిగేదాన్ని: ఇంట్లో మీరు ఎక్కడ పట్టుకుంటారో చూపించండి అని. నోటితో చెప్పమంటే నూటికి తొంభై మంది తప్పు చెబుతారు. చెయ్యి పెట్టి చూపించమంటే సరిగ్గా ఆ చోటే పెడతారు.